గడ్డిమీద మంచు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. ఈ ఉదయం బైబిల్లోని సామెతల గ్రంథం 19:12 చదివాను. రాజు కోపం సింహగర్జన లాంటిది, అతని దయ గడ్డిమీద కురిసే మంచు లాంటిది అంటుంది ఆ వాక్యం. ఎన్నోసార్లు చదివిందే, ఈసారి మాత్రం మనసులోంచి పోవడం లేదు.

మనం రాజులం కాకపోవచ్చు, కానీ ఇంట్లో పిల్లలకు మన మాటే అధికారం. నిన్న రాత్రి మా బాబు పుస్తకం మీద నీళ్లు ఒలకబోశాడని గట్టిగా అరిచాను. వాడు ఏడవలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ వేళ్లు వణకడం చూశాక గర్జన అంటే ఏమిటో తెలిసింది.

మంచు చప్పుడు లేకుండా కురుస్తుంది. ఇశ్రాయేలు దేశంలో వానలు పడని ఎండాకాలంలో గడ్డికి ఆ కాస్త తడే ఆధారం.

మరి కోపం మన పైఅధికారిదైతే? రాజు కోపాన్ని జ్ఞాని చల్లారుస్తాడని అదే సామెతలు 16:14లో ఉంది. ఎదురు అరవమని లేదు. ఆఫీసు టెన్షన్‌లో ఉన్నవాళ్లు ఇది తప్పక చదవండి.

పొద్దున్నే బాబును ఒళ్లో కూర్చోబెట్టుకుని క్షమాపణ అడిగాను. మా ఇంటికోసం ప్రార్థించండి. మీ ప్రార్థన అవసరాలు కూడా ఇక్కడే రాయండి.