బొంత కింద 67 డిగ్రీలు

శ్రీకాకుళం,
ఆదివారం పొద్దున్న

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు తిట్టుకో, పడతాను. ఇంట్లో అంతా బావున్నారు. చలికి అమ్మ మోకాళ్ల నొప్పులు కాస్త ఎక్కువయ్యాయి. చెల్లికి పాలకొండ ట్రాన్స్‌ఫర్ అయింది. రథసప్తమికి అరసవల్లి వెళ్తే నీ పేరు మీద కూడా దణ్ణం పెట్టుకుంటాను. వార్తలు ఇంతే. ఇక అసలు సంగతి విను. నిన్న సాయంత్రం నుంచి ఎవరికి చెప్పాలా అని కొట్టుకుంటున్నాను.

దొరికిందిరా! నీ మ్యాష్ (బీరుకి వేడినీళ్లలో నానబెట్టే మాల్టు) వేడి ఎందుకు నిలవడం లేదో దొరికింది.

టొరంటోలో ఆ చిన్న వంటింట్లో బీరు కాస్తుంటే, మాల్టు, అంటే ఆ మొలకెత్తించి ఎండబెట్టిన గింజలు, నానే ఆ గంటసేపూ ఉష్ణోగ్రత ఒక్కచోట ఉండటం లేదని రాశావు కదా. స్టవ్ పెంచితే 74కి పోతోంది, ఆపితే 60కి పడుతోంది, బీరు ఒకసారి మరీ పలచగా, ఒకసారి తియ్యగా చిక్కగా వస్తోందని. చదివిన దగ్గర్నుంచి నా బుర్రలో అదే తిరుగుతోంది. ఇక్కడ ఇంట్లో బీరు కాస్తే చట్టం ఊరుకోదు, నాకు ఆ కోరికా లేదు. కానీ ఈస్ట్ వేసేదాకా జరిగేదంతా వంటే కదా! మొలకెత్తిన గింజలో ఉన్న ఎంజైము పిండిని చక్కెరగా మారుస్తుంది, అంతే. దానికి బార్లీయే కావాలా? మన చోళ్లు, అదే రాగులు, లేవూ?

రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక మేడమీద ఎండబెట్టాం. అవి ఎండగానే అమ్మ అలవాటుగా మూకుడు పొయ్యి మీద పెట్టేసింది. పరుగెత్తుకెళ్లి ఆపాను. వేయిస్తే కమ్మటి వాసన వస్తుంది, అంబలికి అదే బావుంటుంది, కాదనను. కానీ ఆ వేడికి ఎంజైము చచ్చిపోతుంది. ఆ తర్వాత అది ఉత్త పిండే. చివరికి సగం అమ్మకి, సగం నాకు అని రాజీ కుదిరింది. 

ఇప్పుడు చూడు. మామూలు చోడి పిండితో జావ కాచాను, గరిటె నిలబడేంత చిక్కగా. దించి, 70కి చల్లారేదాకా ఆగి, అందులో వేయించని మాల్టు పిండి కలిపాను. 68 దగ్గర ఆగింది. కలుపుతూ ఉన్నాను. కొన్ని నిమిషాలేరా! చేతికి బరువు తగ్గిపోతూ తెలుస్తోంది. నిలబడ్డ గరిటె పక్కకి ఒరిగిపోయింది. అంత చిక్కటి జావా మజ్జిగలా జారిపోతోంది. అమ్మ వచ్చి చూసి, "నీళ్లు పోశావేంట్రా?" అంది. "చుక్క పోయలేదమ్మా" అన్నాను. నమ్మలేదు. వేలితో నాకి, "మరి బెల్లం ఎప్పుడేశావు?" అంది!

1833లో పాయెన్, పెర్సో అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు మాల్టు నుంచే ఈ ఎంజైముని విడదీశారు. డయాస్టేజ్. డిగ్రీలో మనిద్దరం బట్టీపట్టి, పరీక్షలో రాసి వదిలేసిన పదం. అది నా గరిటె కింద పని చేస్తుంటే ఒళ్లు జలదరించింది, నిజంగా. మనకి పాఠం చెప్పిన ఆవిరి మాస్టారికి చూపించాలనిపించింది. ఆయన ఉంటే ముందు ఆ కళ్లజోడు తుడుచుకుని... నీకు తెలుసు కదా ఏమనేవారో.

సరే, నీ బాధకి వస్తాను. పొయ్యి వెలిగించి వేడి నిలబెట్టాలని చూడటంలోనే ఉంది తంటా అంతా. మంట తగిలేది అడుక్కి. నీ థర్మామీటర్ ఉండేది మధ్యలో. అక్కడ 66 కనపడేసరికి అడుగున 75 దాటిపోయి ఉంటుంది, అక్కడి ఎంజైము అయిపోయినట్టే. పైగా నీది కరెంటు పొయ్యి, ఆపేసినా ఆ ప్లేటు కాలుతూనే ఉంటుంది. అందుకని వేడి ఇవ్వడం మానెయ్. ఉన్న వేడిని పోనివ్వకు.

పెళ్లిళ్లలో అన్నం గుండిగల మీద గోనెపట్టాలు కప్పుతారు చూడు, సరిగ్గా అదే చేశాను. గిన్నెని ముందే మరిగిన నీళ్లతో వేడెక్కించాను. మరీ పెద్ద గిన్నె తీసుకోలేదు, దాదాపు అంచుదాకా నిండేదే, పైన ఖాళీ ఎక్కువుంటే వేడి అటే పోతుంది. గట్టి మూత పెట్టి, మా మామ్మ కుట్టిన బొంతలో చుట్టేశాను. అవును, ఆ బొంతే! నువ్వు అందులో దూరి హాల్‌టికెట్ రోజు కూడా లేవలేదు చూడు, అదే. మనిషినే కదలనివ్వనిది వేడిని కదలనిస్తుందా?

అరగంట దగ్గర ఒక్కసారి చూశాను, 67. గంటకి 65. పొయ్యి ముట్టుకోలేదు. మెడికల్ షాపులో తెచ్చిన టించర్ అయోడిన్ తెల్ల సాసర్లో ఒక చుక్క వేసి చూశాను. మొదట్లో తీసిన జావ నల్లగా నీలమైపోయింది. చివర్లో తీసిన చుక్క అయోడిన్ రంగులోనే ఉండిపోయింది. అంటే పిండి మిగల్లేదు! ఆ రెండు చుక్కలూ పక్కపక్కన పెట్టుకుని ఎంతసేపు చూశానో.

నీకు ఇంకో సంగతి. మాల్టు సంచి బాల్కనీలో పెడుతున్నానన్నావు. అక్కడే కొంత వేడి పోతోంది. కిలో మాల్టుకి మూడు లీటర్ల నీళ్ల లెక్కన, మా వంటింట్లో పాతిక డిగ్రీల గింజకైతే 72 డిగ్రీల నీళ్లు పోస్తే 66కి వస్తుంది. నీ బాల్కనీలో గింజ 5 డిగ్రీలుంటే 74, 75 కావాలి. ముందురోజే సంచి లోపల పెట్టుకో. బొంత లేకపోతే ఓవెన్‌ని కాస్త గోరువెచ్చగా చేసి, ఆపేసి, గిన్నె అందులో పెట్టెయ్. మాటిమాటికీ మూత తియ్యకు. మొదటి అరగంటలోనే చాలా పని అయిపోతుంది, తర్వాత ఒకటి రెండు డిగ్రీలు తగ్గినా టెన్షన్ పడకు. మాల్టులో ఎంజైములు రెండు రకాలు. 60–65 మధ్య బాగా పనిచేసే ఎంజైము చేసే చక్కెరని ఈస్ట్ మొత్తం తినేస్తుంది, అందుకే నీకు పలచనైంది. 70 దగ్గర పనిచేసేది ఈస్ట్ ముట్టని పెద్ద ముక్కలు మిగులుస్తుంది, ఆ చిక్కదనం దానిదే. నీకేది ఇష్టమో దాన్నిబట్టి డిగ్రీ ఎంచుకో. నీ థర్మామీటర్‌ని కూడా కరిగే ఐసులో 0, మరిగే నీళ్లలో 100 చూపిస్తోందో లేదో చూసుకో. అరకు కుక్కర్ సంగతి ఎత్తనని మాటిచ్చాను కాబట్టి ఎత్తడం లేదు.

ఒక్కోసారి అనిపిస్తుందిరా, ఇవన్నీ ఇలా కాగితం మీద కాకుండా, ఒకే పొయ్యి ముందు ఇద్దరం... సరేలే. వచ్చే ఏడాదైనా సంక్రాంతికి రా. అమ్మ కూడా అడుగుతోంది.

ఉత్తరం పిన్ని వాళ్లబ్బాయి చేత పంపుతున్నాను, వాడు ఇప్పుడే ఆమదాలవలసలో రైలెక్కాలి. వేయించని చోడి మాల్టు ఒక పొట్లం విడిగా పెట్టాను, మీ ఆవిడ జావలో వేసి చూపించు, తన మొహం ఎలా ఉందో రాయి. అన్నట్టు వడకట్టడం గురించి చెప్పలేదు. చోడి పిండి గుడ్డకి పట్టేసి అస్సలు దిగదు. దానికి మిల్లు నుంచి ఊక తెచ్చి, కడిగి, అడుగున పరిస్తే... ఆటో వచ్చేసింది, వాడు కంగారు పెట్టేస్తున్నాడు. ఊక సంగతి వచ్చే ఉత్తరంలో.

నీ
రాము