వైజాగ్ నుంచి శ్రీనుకి

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం చదివాను. అమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గాయని రాశావు, చాలా సంతోషం. చెల్లి పెళ్లి మాటలు ఎంతవరకు వచ్చాయో మాత్రం రాయలేదు. ఈసారి మర్చిపోకు.

ఇక అసలు సంగతికి వస్తాను. "పేదవాళ్ల కేసులు చూడాలని నాకూ ఉంది. కానీ అది పెద్ద లా యూనివర్సిటీల్లో చదివి ఇంగ్లీషులో దంచేవాళ్లకీ, ఇంట్లో ఆస్తి ఉన్నవాళ్లకీ కుదిరే పని. ముప్పై ఏళ్లొచ్చాక, తెలుగు మీడియంలో చదువుకుని, సాయంత్రం కాలేజీలో ఎల్‌ఎల్‌బీ చేసిన నాకెందుకు" అని రాశావు చూడు, ఆ మాట మీద రెండు రోజులుగా నీతో మనసులోనే వాదిస్తున్నాను. అందుకే ఈ ఉత్తరం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు వయసు గురించి. మానవ హక్కుల లాయరు బాలగోపాల్ గారు ముందు వరంగల్‌లో కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన మనిషి. నలభై దాటాక నల్లకోటు వేసుకున్నారు. ఆ రోజుల్లోనే, 1998లో, ఆయనా సహచరులూ కలిసి మానవ హక్కుల వేదిక పెట్టారు, 2009లో ఆయన పోయారు. అంటే కోర్టులో ఆయన గడిపింది పదేళ్ల పైచిలుకే. ఆ కొద్ది కాలంలోనే ఆయన దగ్గరికి ఎక్కడెక్కడి నుంచి మనుషులొచ్చేవారో పాత ప్లీడర్లను అడిగితే చెబుతారు. నీకు ముప్పై అంటే ఇంకా బోలెడంత టైముంది.

నేను ప్రస్తుతం ఎక్కడున్నానో నీకు సరిగ్గా చెప్పలేదనుకుంటా. 2022లో నల్సా, అంటే జాతీయ న్యాయ సేవాధికార సంస్థ, పేద ముద్దాయిల కేసులు ఉచితంగా వాదించడానికి లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ అనే పద్ధతి తెచ్చింది. అంతకుముందు ప్యానెల్‌లో ఉన్న ప్లీడర్లకు కేసుకి ఇంత అని ఇచ్చేవారు. ఆ డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు. సొంత కేసుల మధ్య ఉచిత కేసుకి ఎంత టైమిస్తారో నీకూ తెలుసు. ఇప్పుడు ఈ పనికి జిల్లాలో ఒక ఆఫీసు ఉంది, నేనున్నది అందులోనే. చీఫ్, డిప్యూటీలు, అసిస్టెంట్లు, అందరూ పూర్తి కాలం ముద్దాయిల తరఫునే పని చేస్తారు. బయటి కేసులు పట్టుకోకూడదు. అసిస్టెంటు పోస్టుకి మూడేళ్ల లోపు అనుభవం ఉన్నవాళ్లనే తీసుకుంటారు, కొత్తగా ఎన్‌రోల్ అయిన వాళ్లు కూడా అర్హులే. జీతం జిల్లాను బట్టి ముప్పై వేలకు అటూ ఇటూ ఉంటుంది. పర్మనెంటు కాదు, ఒప్పంద ఉద్యోగం. అయినా ఒకటో తారీఖు గురించి టెన్షన్ పడకుండా కేసు ఫైలు చదవగలగడం అంటే ఏమిటో, సీనియర్ ఇచ్చే పెట్రోలు ఖర్చుల మీద బతికిన జూనియర్‌నడుగు, చెబుతాడు.

ఇక్కడి పని ఎలా ఉంటుందో చెబుతాను. మన అడవివరం దగ్గర సెంట్రల్ జైలు ఉంది కదా. అందులో పెద్ద భాగం గంజాయి కేసుల్లో రిమాండు ఖైదీలే. ఏజెన్సీ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్లు. పండించినవాడూ కాదు, అమ్ముకుని డబ్బు చేసుకున్నవాడూ కాదు, బస్తా మోసినవాడు దొరుకుతాడు. ఇరవై కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం. అప్పుడు మత్తు పదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) సెక్షన్ 37 అడ్డొస్తుంది, బెయిల్ దొరకడం చాలా కష్టం. ఇలాంటి కేసుల్లో ఛార్జిషీటు వెయ్యడానికి పోలీసులకి నూట ఎనభై రోజులు గడువు. ఆ గడువు దాటినా ఛార్జిషీటు పడకపోతే, కోర్టు గడువు పొడిగించి ఉండకపోతే, ముద్దాయికి బెయిల్ హక్కు పుడుతుంది. కానీ మనం పిటిషన్ వేసేలోపే ఛార్జిషీటు పడిందా, ఆ హక్కు చేజారినట్టే. అందుకని మా ఆఫీసు గోడకి ఒక పెద్ద క్యాలెండర్ ఉంది. ప్రతి రిమాండు ఖైదీకీ, కేసును బట్టి అరవై, తొంభై, నూట ఎనభై రోజుల గడువుల్లో ఏది వర్తిస్తే ఆ తేదీ ఎర్ర ఇంకుతో రాసి ఉంటుంది, పక్కన క్రైమ్ నంబరు. పొద్దున్నే రాగానే బ్యాగు కింద పెట్టకముందే అందరం ఆ గోడ వైపు చూస్తాం. మొన్న ఒక దొంగతనం కేసులో మా అసిస్టెంటు అమ్మాయి అరవయ్యొకటో రోజు పదిన్నరకల్లా పిటిషన్ దాఖలు చేసింది. మధ్యాహ్నం ఛార్జిషీటు వచ్చింది. కుర్రాడికి బెయిల్ వచ్చింది. ఆ రోజు ఆ అమ్మాయి ముఖంలో వెలుగు నువ్వు చూసి ఉండాల్సింది రా.

బెయిల్ వచ్చాక అయిపోయిందనుకుంటావు. అసలు కథ అక్కడ మొదలవుతుంది. ఇద్దరు జామీనుదారులు కావాలి. ఆధార్, ఇంటి పన్ను రసీదు, ఆస్తి విలువ చూపించే కాగితం. పెదబయలు అవతల కొండ మీద ఊరు నుంచి ఒక తల్లి వచ్చింది. ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టి అటవీ హక్కుల పట్టా తెచ్చింది. ఆమెకున్న ఆస్తి అదొక్కటే. ఆ చట్టం ప్రకారం ఆ భూమి వారసులకు వస్తుంది కానీ అమ్మడానికి వీల్లేదు. అమ్మడానికి వీల్లేని భూమికి విలువెలా కడతారు? అది పూచీకత్తుగా చెల్లుతుందా? కోర్టు హాల్లో ఇది పెద్ద చర్చే అయింది. ఇంతలో కొడుకు లోపలే ఉన్నాడు, బెయిల్ ఆర్డరు చేతిలో ఉండగానే.

ఇలాంటి వాటి గురించే సుప్రీంకోర్టు 2023 జనవరిలో వివరంగా ఆదేశాలిచ్చింది. బెయిల్ ఆర్డరు జైలుకి ఈమెయిల్లో వెళ్లాలి. ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి చెప్పాలి. వాళ్లు పారా లీగల్ వాలంటీరునో (న్యాయ సహాయంలో శిక్షణ పొందిన కార్యకర్త) ప్లీడరునో పంపి ఎందుకు ఆగిందో కనుక్కోవాలి. నెల రోజుల్లో జామీను కుదరకపోతే షరతులు తగ్గించే విషయం కోర్టే తనంతట తాను చూడవచ్చు. ఆ ఆదేశం జత చేసి మెమో వేశాం. షరతు మార్చారు, వాడు ఇంటికెళ్లాడు. ఇందులో గొప్ప వాదన ఏమీ లేదు. ఆ ఆదేశం ఉందని తెలిసిన మనిషి ఒకడు ఆ తల్లి పక్కన నిలబడ్డాడు, అంతే. అదే నేను నీకు చెప్పదలుచుకున్నది. దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఇంకా నేరం రుజువు కాని రిమాండు ఖైదీలేనని 2022 జైలు లెక్కలు చెబుతున్నాయి. అప్పటికి నాలుగు లక్షలు దాటి ఉన్నారు. వాళ్ల దగ్గర నిలబడే మనుషులు కావాలి. ఆ మనుషులు ఢిల్లీ నుంచి దిగిరావాల్సిన పని లేదు.

ఇంగ్లీషు గురించి నీకున్న భయం నాకు నచ్చలేదు. జైల్లో ఉచిత న్యాయ సలహా ఇచ్చే క్లినిక్‌కి వెళ్తే నా ముందు కూర్చున్నవాడికి తెలుగే అంతంతమాత్రం. కువి అనే గిరిజన భాష మాట్లాడతాడు, లేదా ఆదివాసీ ఒరియా. సోదా చేసేముందు "గెజిటెడ్ ఆఫీసరు ఎదుట చేయించుకునే హక్కు నీకుంది" అని చెప్పామని తెలుగులో రాసిన కాగితం మీద వాడి వేలిముద్ర ఉంటుంది. వాడికి ఆ వాక్యం ఏ భాషలో చెప్పారు, ఎవరు చెప్పారు అని పోలీసు సాక్షిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగాలంటే ముందు వాడితో మనం మాట్లాడగలగాలి. (ఈ హక్కు ఇచ్చేది అదే చట్టంలో సెక్షన్ 50. అది మనిషి ఒంటి మీద సోదాకే, చేతి సంచికి వర్తించదు. ఇది కాస్త గుర్తుపెట్టుకో, కొత్తవాళ్లు చాలామంది తడబడతారు.) నువ్వు పార్వతీపురంలో పెరిగావు. సంతలో ఒరియా బేరాలు విని పెరిగావు. ఈ పనికి నీకున్నంత అర్హత చాలామంది గోల్డ్ మెడలిస్టులకి లేదు. ఇది నిన్ను సంతోషపెట్టడానికి అనడం లేదు.

పెద్ద కేసుల్లో కూడా ఇదే కనిపిస్తుంది నాకు. బొర్రా చుట్టుపక్కల గిరిజన భూముల్లో గనుల లీజుల మీద గిరిజనుల హక్కుల కోసం పని చేసే సమత సంస్థ వేసిన కేసు ఉంది కదా. హైకోర్టులో ఓడిపోయారు. 1997 జూలైలో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని తీర్పిచ్చింది. మనం క్లాసులో చదివింది ఆ తీర్పు పేజీలే. ఆ పేజీలకు వెనక అనంతగిరి ఊళ్లున్నాయి, అక్కడి జనం ఉన్నారు. వాళ్లతో కూర్చుని మాట్లాడగలిగే మనిషి లేకుండా అలాంటి కేసు నిలబడదని నా నమ్మకం.

డబ్బు సంగతి దాచను. నిన్ను ఆపుతున్నది అదే, నీ ఆశయం తక్కువై కాదు. మొదటి మూడేళ్లే గండం. ఆ మూడేళ్లు తట్టుకోలేకే మంచి మంచి కుర్రాళ్లు వేరే ఉద్యోగాలకి వెళ్లిపోతున్నారు. నాకు దీని మీద చాలా కోపం ఉంది. 2024 జూలైలో సుప్రీంకోర్టు ఎన్‌రోల్‌మెంటు ఫీజు 750 రూపాయలు మించకూడదని, ఎస్సీ ఎస్టీలకు 125 అని తేల్చి చెప్పింది. అంతకుముందు బార్ కౌన్సిళ్లు వేలకు వేలు వసూలు చేసేవి. ఆ ఫీజు కట్టలేక సర్టిఫికెట్ పెట్టెలో పెట్టుకుని కూర్చున్నవాళ్లు మన బ్యాచ్‌లోనే ఉన్నారు కదా. అదే ఏడాది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, జూనియర్లకు నెలకి పట్టణాల్లో ఇరవై వేలు, పల్లెల్లో పదిహేను వేలు ఇవ్వమని సీనియర్లకు చెప్పింది. అది సిఫార్సే గానీ తప్పనిసరి కాదు. అందుకని సీనియర్ దగ్గర చేరేముందు సిగ్గుపడకుండా "నెలకి ఎంత ఇస్తారండీ" అని అడుగు. అడగడం తప్పు కాదు. పేదల కోసం పని చేస్తానన్నవాడు తను పస్తులుండాలని ఎవరూ రాయలేదు.

నాన్నగారు జడ్జి పరీక్ష రాయమంటున్నారన్నావు. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకి మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు మళ్లీ పెట్టింది. అంటే ఏ దారి పట్టినా ముందు కోర్టులో మూడేళ్లు గడపక తప్పదు. ఆయనకి ఆ మాటే చెప్పు, ఒప్పుకుంటారు. ఆ మూడేళ్లు ఎవరి తరఫున నిలబడతావన్నది నీ ఇష్టం.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. ఎన్‌రోల్‌మెంటు దరఖాస్తు ఆలస్యం చెయ్యకు. ఆలిండియా బార్ పరీక్షకి వెంటనే కట్టెయ్యి. మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లి, డిఫెన్స్ కౌన్సిల్ పోస్టుల నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో కనుక్కో. జైలు క్లినిక్‌కి వెళ్లే ప్లీడరు వెంట వెళ్లడానికి కుదురుతుందేమో అడుగు. 2024 జూలై నుంచి సెక్షన్లన్నీ మారాయి కాబట్టి కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) పుస్తకం కొనుక్కో, పాతది పెట్టుకుని చదవకు. అందులో రిమాండు గడువుల గురించి చెప్పే 187, ఇంకా 479 సెక్షన్లు కంఠతా రావాలి. అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం రిమాండులో గడిపితే విడుదలకు అర్హుడని చెప్పేది ఆ 479వ సెక్షనే. యావజ్జీవం, మరణశిక్ష పడే కేసులకు మాత్రం అది వర్తించదు.

దసరా సెలవుల ముందు ఒక వారం వీలు చూసుకుని ఇక్కడికి రా. రైలెక్కినా సరే, బస్సెక్కినా సరే, ఎంవీపీ కాలనీలో నా గదుంది. పొద్దున కోర్టుకి, సాయంత్రం జైలు క్లినిక్‌కి పర్మిషన్ దొరికితే నాతో తీసుకెళ్తాను. చీఫ్ గారితో మాట్లాడి ఉంచాను. వచ్చేటప్పుడు నీ మార్కుల లిస్టులు, కులధ్రువీకరణ పత్రం జిరాక్సులు తెచ్చుకో, ఇక్కడే దరఖాస్తు నింపేద్దాం. అమ్మకి నా నమస్కారాలు చెప్పు. చెల్లి సంబంధం కబురు తప్పకుండా రాయి.

నీ
రాజు