గోడ పత్రిక, 'ఉక్రోషం', ఇంకొన్ని సంగతులు

తల్లిదండ్రులకు నమస్కారం.

పిల్లల రాతలు అంటించిన మా గోడ పత్రిక ఫొటో శుక్రవారం రాత్రి నుంచి మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోందని తెలుసు, శనివారం పొద్దున్న గేటు దగ్గరే ముగ్గురు నన్ను ఆపి అడిగారు. అవును, 'ఉక్రోషం' అన్న మాట కింద ఇంట్లో పెద్దవాళ్ల గురించి అది రాసింది మా ఎనిమిదో తరగతి అమ్మాయే. ఎవరమ్మాయి అని అడగొద్దు, చెప్పను. తీసెయ్యమన్నారు కొందరు, తియ్యను.

అసలు సంగతి ఇదీ. వేసవి సెలవుల తర్వాత 'అమ్మమ్మగారి ఊరు' మీద రాయమంటే 38 మందిలో 31 మంది "చాలా హ్యాపీగా ఫీలయ్యాను" అని ముగించారు. మిగతాదంతా బోర్, టెన్షన్, మూడాఫ్. అందుకే ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి ఉపన్యాసాలు మానేసి, ఈ నాలుగు మాటల్నీ నిషేధించి, ఇంట్లో పెద్దవాళ్లని అడిగి మనసుకి సంబంధించిన మాట ఒక్కటి పట్టుకురండి, అది మీకెప్పుడు కలిగిందో రాయండి అన్నాం. ఆ రోజు గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. జనం మాట్లాడే తెలుగు బడి పుస్తకాల్లోకి రావాలని పోట్లాడిన పంతులుగారాయన.

'కోపం వచ్చింది' అని రాస్తే పిల్లలకి రెండో వాక్యం తోచదు. ఉక్రోషం అలా కాదు, ఎదురు చెప్పలేక ఏడుపుతో కలిసిపోయే కోపం అది, కాబట్టి ఎవరి ముందు, ఎందుకు నోరు పెగల్లేదో రాయక తప్పదు, కథ అక్కడే మొదలైపోతుంది! అలకకి బతిమాలేవాళ్లు కావాలి, ఎవరూ బతిమాలరని తెలిస్తే ఎవరూ అలగరు. దిగులు ఊరికే కూడా పడతాం గానీ బెంగ ఎవరి మీదో, దేని మీదో పెట్టుకుంటాం. నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన 33 సంచారీ భావాల్లో, అంటే వచ్చి పోయే భావాల్లో, 'అవహిత్థ' అని ఒకటుంది, లోపలున్నది మొహంలో కనపడనివ్వకపోవడం. నోరు తిరగదులే అని నేను మాటవరసకి చెప్పి వదిలేస్తే తొమ్మిదో తరగతి కుర్రాడు పట్టుకున్నాడు. కబడ్డీ జట్టులో తన పేరు లేదని తెలిసిన సాయంత్రం, పేరున్న స్నేహితుడికి తనే పునుగులు కొనిపెట్టడం గురించి రాశాడు. ఎవర్నీ ఊరికే మెచ్చుకోని మా లెక్కల మాస్టారు దాన్ని స్టాఫ్‌రూమ్‌లో పైకి చదివారు. ఆరో తరగతి పాప 'చిన్నబోవడం' ఎంచుకుంది, పుట్టినరోజున ఒకమ్మాయి తీసుకోకుండా వెళ్లిపోతే డబ్బాలో మిగిలిన చాక్లెట్ గురించి మూడే వాక్యాలు. పాతికేళ్లు తెలుగు చెప్పాను, నాకిది రాదు.

'ఉసూరుమనడం' చెప్పి పంపిన నాయనమ్మగారికి ప్రత్యేకంగా థాంక్స్. "అనిర్వచనీయమైన ఆనందానుభూతి" అని రాసి పంపిన ఇళ్లకి ఒక మనవి, అడిగితే మీ అబ్బాయి అర్థం చెప్పలేకపోయాడు. అది ఫోన్‌లోంచి దింపిందని మాకు తెలిసిపోతుందండీ. మీ శ్రమ అర్థమవుతుంది గానీ, తప్పులున్నా వాళ్ల రాతే పంపండి.

ఇక ఆ ఉక్రోషం. అన్నం దగ్గర ఆ అమ్మాయి ఏదో చెబుతుంటే ఇంట్లో పెద్దవాళ్లు ఫోన్ చూస్తూ "ఊఁ" అన్నారు, "నేనేం చెప్పానో చెప్పండి" అంటే దానికీ "ఊఁ" అనే అన్నారు. అంతే. ఇంటి పరువు బజారున పెట్టారని మీలో కొందరు అన్నారు. సోమవారం నాకు ఫోన్ చేసినవాళ్లలో ఐదుగురు గొంతు తగ్గించి "అది మా పాప రాసిందేనా మేడం?" అని అడిగారు. ఐదుగురూ వేరువేరు ఇళ్లవాళ్లు.

ఎఫ్‌ఏ 2 పరీక్షల టైంటేబుల్ డైరీలో అంటించాం. చవితికి మట్టి వినాయకుళ్లు శుక్రవారం చేయిస్తాం, పాత బట్టలతో పంపండి. గేటు 8:45కే మూస్తాం, ఇది మూడోసారి చెప్పడం.

వచ్చే నెల మాట 'మొహమాటం', పెద్దవాళ్లు కూడా రాసి పంపొచ్చు. గోడ పత్రిక నెలాఖరు దాకా మెట్ల పక్కనే ఉంటుంది. మీ గ్రూపుల్లో తిరుగుతున్న ఫొటోలో ఆఖరి రెండు లైన్లు తెగిపోయాయి, వచ్చి చదవండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు