మా షాపులో ఎలక్ట్రిక్ బండి కొన్నవాళ్ళకూ, కొనబోయేవాళ్ళకూ

దసరా బేరాలు అయిపోయాయి. కాస్త తీరిక దొరికింది కాబట్టి మీరు కౌంటర్ దగ్గర రోజూ అడిగే రెండు ప్రశ్నలకు జవాబు చెప్పేస్తాను. "రేటు ఎందుకు పెరిగింది?" ఒకటి. "నా పాత స్కూటర్‌కి కంట్రోలర్ ఎప్పుడొస్తుంది?" ఇంకోటి. (కంట్రోలరంటే బ్యాటరీ కరెంటును మోటారుకు తగినట్టు అందించే పెట్టె.) రెండింటికీ మూలం సబ్సిడీయే.

రేటు సంగతి ముందు. 2021 జూన్‌లో కేంద్రం ఎలక్ట్రిక్ బండ్ల సబ్సిడీ పథకం ఫేమ్-2 కింద బ్యాటరీలో పట్టే ఒక్కో యూనిట్ కరెంటుకు 15,000 రూపాయలు ఇచ్చింది, బండి ధరలో 40 శాతం మించకుండా. మూడు యూనిట్ల బండికి 45,000 తగ్గేది. 2023 జూన్‌లో దాన్ని యూనిట్‌కు 10,000కూ, ధరలో 15 శాతానికీ కోసేశారు. 2024 ఏప్రిల్ నుంచి బండి మొత్తానికి 10,000 మించి లేదు. 2025 ఏప్రిల్ నుంచి, తర్వాత వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద అది 5,000కు దిగింది. 2026 మార్చి 31తో అదీ ఆఖరన్నారు. పైగా 2025 సెప్టెంబరు 22న 350 సీసీ లోపు పెట్రోలు బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. మనది ఎప్పటిలాగే 5, అందుకే వాటి పక్కన మన బండి రేటు ఇంకా ఎక్కువనిపిస్తోంది. ఇందులో నేను మిగుల్చుకున్నది లేదండి, కావాలంటే కంపెనీ బిల్లు చూపిస్తాను.

రెండో ప్రశ్నలో మాత్రం నా తప్పు ఉంది. 2021, 22ల్లో ఒక కంపెనీ బండ్లు 64 అమ్మాను. "సబ్సిడీ ఇస్తున్నారంటే గవర్నమెంటు చూడకుండా ఇస్తుందా, ఇది ఇక్కడ తయారైన బండే" అని మీకు ధీమాగా చెప్పాను. సబ్సిడీకి షరతు అదే మరి. బ్యాటరీ లోపలి సెల్స్ బయటి నుంచి తెచ్చుకోవచ్చు గానీ మోటారు, కంట్రోలర్, ఛార్జర్ లాంటివి ఇక్కడే చేయాలి. 2022 మే నెలాఖర్లో, రోహిణి కార్తె ఎండలో, ఒక టీచరు గారు ఆగిపోయిన స్కూటర్‌ను పటమట నుంచి తోసుకుంటూ తెచ్చారు. కంట్రోలర్ విప్పి చూస్తే పైనున్న 'మేడ్ ఇన్ ఇండియా' స్టిక్కర్ వేడికి జిగురు వదిలి చుట్టుకుపోయి ఉంది. మా మెకానిక్ కుర్రాడు మిగతాది గోటితో లాగేశాడు. కింద అల్యూమినియం మీద చైనా అక్షరాలు. వాడు నా మొహంలోకి చూశాడు. నేను టీచరు గారికి ఏమీ చెప్పలేదు. చెప్పాల్సింది.

తర్వాత కేంద్రం ఇలాంటి కొన్ని కంపెనీల మీద విచారణ పెట్టి సబ్సిడీ ఆపింది, ఇచ్చింది వెనక్కి కట్టమంది. కంపెనీ ముందు మీకు ధర తగ్గించి, ఆ డబ్బు తర్వాత కేంద్రం నుంచి రాబట్టుకోవాలి. అది ఆగేసరికి మా కంపెనీ చేతులెత్తేసింది. స్పేర్లకు నేను కట్టిన అడ్వాన్సూ పోయింది, ఫోన్లు ఎత్తేవాడూ లేడు.

అలాగని సబ్సిడీ దండగ అనను. అది లేకపోతే ఈ షాపే లేదు. దాని షరతు వల్లే ఛార్జర్లు, కంట్రోలర్లు నిజంగా ఇక్కడ చేసేవాళ్ళు తయారయ్యారు. సెల్స్ మాత్రం ఇంకా ఎక్కువగా దిగుమతే. అమరరాజా వాళ్ళు మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో ఫ్యాక్టరీ కడుతున్నారు, చూడాలి. మోటారు కాలితే మన ఆటోనగర్‌లో వైండింగ్ చేసిస్తారు. లోపలి మాగ్నెట్ పోతే మాత్రం దిక్కులు చూడాల్సిందే. 2025 ఏప్రిల్‌లో చైనా వాటి ఎగుమతికి లైసెన్సు మెలిక పెట్టేసరికి పెద్ద కంపెనీలకే చెమటలు పట్టాయి, మనమెంత!

ఇక నుంచి కంట్రోలర్, ఛార్జర్, థ్రాటిల్ (యాక్సిలరేటర్) నా ర్యాక్‌లో ఉన్నాకే ఏ మోడలైనా అమ్ముతాను. అలాంటి మోడళ్ళు ప్రస్తుతానికి రెండే ఉన్నాయి. ఆ 64 బండ్లకు ఇక్కడ తయారైన కంట్రోలర్ ఒకటి సరిపోతోంది. కొన్న రేటుకే ఇస్తాను, కూలి తీసుకోను, ఆరు నెలల గ్యారంటీ నాది. బ్యాటరీ ప్యాకు విప్పమని మాత్రం అడగకండి. 2022 ఏప్రిల్‌లో మన బెజవాడలోనే ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయారు, గుర్తుందిగా.

మొదట టీచరు గారి బండికే బిగించాం. రివర్స్ పనిచేయడం లేదు, మీటర్‌లో ఇంకా ఎన్ని కిలోమీటర్లు వస్తుందో చూపించడం లేదు, మిగతాదంతా బాగానే ఉంది. స్టిక్కర్ సంగతి ఆవిడకు ఇది చదివాకే తెలుస్తుంది. రోజుకు మూడు బండ్లే చేయగలం, ముందురోజు ఫోన్ చేసి రండి. దీపావళికి సెలవు.