ఆసుపత్రికి వెళ్లడానికి భయపడాలా?

సంపాదకులు గారికి,

అమెరికాలో ప్రజారోగ్యం, వలసలు, కోర్టుల మీద జరుగుతున్న చర్చలను పత్రికలు వేర్వేరు వార్తలుగా ఇస్తున్నాయి. ఆసుపత్రి గుమ్మం దగ్గర ఈ మూడూ కలుస్తాయి.

2025 జనవరిలో ట్రంప్ ప్రభుత్వం ఆసుపత్రులు, బడులు, ప్రార్థనా స్థలాల్లో వలసదారుల అరెస్టులపై ఉన్న పరిమితులను ఎత్తేసింది. కాగితాలు లేని తల్లికి జ్వరంతో ఉన్న బిడ్డను డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలన్నా టెన్షనే. ఎమర్జెన్సీకి ఎవరొచ్చినా పరీక్షించి, పరిస్థితి నిలకడగా ఉండేలా చికిత్స చేయాలని 1986 నాటి చట్టం చెబుతోంది. మనిషి రావడానికే జంకితే ఆ చట్టం ఎవరిని కాపాడుతుంది? తట్టు (మీజిల్స్) వీసా చూసి సోకదు. 2000లో దేశం నుంచి పోయిందని ప్రకటించిన ఆ జబ్బు 2025లో టెక్సస్‌లో ఇద్దరు పిల్లలను బలి తీసుకుంది. ఇద్దరికీ టీకా వేయించలేదు.

మనవాళ్లకు హెచ్‌1బీ ఉంది కదా అనే ధీమా కూడా తగదు. అమెరికాలో పుట్టిన పిల్లలకు దక్కే జన్మతః పౌరసత్వాన్ని పరిమితం చేస్తూ ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వును తాత్కాలిక వీసాదారుల పిల్లలకూ వర్తించేలా రాశారు. దేశమంతటికీ వర్తించేలా ప్రభుత్వ ఆదేశాలను ఆపే జిల్లా జడ్జీల అధికారాన్ని సుప్రీంకోర్టు 2025 జూన్ 27న బాగా కుదించింది. క్లాస్ యాక్షన్, అంటే ఒకే సమస్య ఉన్న అందరి తరఫున కలిపి వేసే దావా, ఆ దారి మిగిలింది, నిజమే. అయినా ప్రతి రక్షణకూ కోర్టు మెట్లెక్కాలంటే సామాన్యుడి వల్ల అవుతుందా?

ఆసుపత్రుల రక్షణ కేవలం శాఖాపరమైన ఆదేశం కాబట్టే ఒక్క మెమోతో పోయింది. దాన్ని అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) చట్టంగా చేయాలి. ఓటు హక్కున్న తెలుగువారు తమ ప్రతినిధులను ఈ మాట గట్టిగా అడగాలి.

ఇట్లు,
అమెరికాలో ఉంటున్న ఒక పాఠకురాలు