హావర్థియాను నిండు ఎండలో పెట్టమనకండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆదివారం తోటల పేజీలో సక్యులెంట్లన్నిటినీ (ఆకుల్లోనో కాండంలోనో నీరు దాచుకునే మొక్కలను) ఒకే గాటన కట్టి, ఎడారి మొక్కలు కనుక నిండు ఎండలో ఉంచి వారానికోసారి నీళ్లు పోస్తే చాలునని రాశారు. ఈ సలహా కొన్నిటికి సరిపోవచ్చు గానీ, ఇటీవల మన నర్సరీల్లోనూ కనిపిస్తున్న హావర్థియా ట్రంకాటాకు మాత్రం హాని చేస్తుంది.

కలబందకు చుట్టమైన ఈ మొక్క దక్షిణాఫ్రికాలోని లిటిల్ కరూ ప్రాంతానిది. దీని ఆకులు రెండు వరుసల్లో, విసనకర్ర విప్పినట్టు ఎదురెదురుగా పేర్చి ఉంటాయి; కొసలు కత్తితో అడ్డంగా కోసినట్టు చదునుగా ఉండి, పైభాగం గాజులా మసకగా మెరుస్తుంది. సొంత నేలలో ఇది పొదల నీడన పెరుగుతుంది, పైగా దాని వేర్లు ముడుచుకుంటూ మొక్కను లోపలికి లాగుతాయి కాబట్టి ఆ చదును కొసలు తప్ప మిగతా ఆకంతా మట్టిలోనే ఉంటుంది. వెలుతురు ఆ కొసల గుండా దిగి, ఆకు మధ్యలో నీటిని దాచుకునే కండను దాటి, లోపలి గోడల్లోని పత్రహరితాన్ని చేరుతుంది. కుండీలో ఆకులు మట్టిపైకి తేలి ఉన్నప్పుడు ఆ రక్షణ ఉండదు. మన వేసవి మధ్యాహ్నపు ఎండకు వదిలేస్తే కొసలు గోధుమరంగుకు తిరిగి మాడిపోతాయి. అలాగని గది మూలన పెడితే ఆకులు సాగి ఆకారం చెడుతుంది. ఉదయపు లేత ఎండ, ఆ తర్వాత నీడ దొరికే బాల్కనీ దీనికి నప్పుతుంది.

నీళ్ల విషయంలో వారాల లెక్క పనికిరాదు. మట్టి అడుగు దాకా ఆరిందని తేల్చుకున్నాకే పోయాలి. ఉక్కపోత ఎక్కువగా ఉండే కోస్తాలో వానాకాలమంతా చాలా పొదుపుగా పోయాలి. వేర్లు లావుగా, లోతుగా దిగుతాయి కనుక వెడల్పుకన్నా లోతున్న కుండీ మేలు. నర్సరీవాళ్లు నింపి ఇచ్చే కొబ్బరిపొట్టు తడిని పట్టి ఉంచుతుంది. దాన్ని తీసేసి ముతక ఇసుక, ఇటుక నలుసులు ఎక్కువ పాళ్లలో కలిపిన మట్టి వేయాలి. (అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు.)

ఇది ఏడాదికి కొన్ని ఆకులే వేస్తుంది. ఎదగడంలేదని కంగారుపడి ఎరువు, నీళ్లు పెంచితే వేర్లు కుళ్లుతాయి. ఆకు ముక్క నుంచీ, లావుపాటి వేరు నుంచీ పిలకలు తీయవచ్చు గానీ అవి చేతికి రావడానికి చాలా కాలం పడుతుంది. ఇంత నిదానం కనుకనే పెద్ద మొక్కకు ధర ఎక్కువ. 2019 నుంచి దక్షిణాఫ్రికాలో అడవి నుంచి సక్యులెంట్లను దొంగతనంగా పెకలించడం బాగా పెరిగింది. అందుచేత ఆన్‌లైన్లో కొనేవారు మొక్క విత్తనం నుంచి గానీ పిలక నుంచి గానీ నర్సరీలో పెంచిందేనా అని అడిగి తెలుసుకోవాలని కూడా మీ పేజీలో ఒక వాక్యం చేర్చగలరని మనవి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు, విశాఖపట్నం