ఇంటి మొత్తానికి ఒకే రేటు బుకింగ్ ఇక లేదు

మన కొట్టులో సిమెంటు కొంటున్న ఇంటి యజమానులకు, మేస్త్రీలకు నమస్కారం.

పునాది రోజున అడ్వాన్సు ఇస్తే గృహప్రవేశం దాకా అదే రేటుకు బస్తా ఇచ్చే పద్ధతి మా నాన్నగారు పెట్టింది. చిన్నాచితకా తేడాలు కొట్టే భరించేది. దాన్ని ఆపేస్తున్నాను. ఈ మాట మీరు హమాలీల నోట వినకూడదని నేనే రాస్తున్నా.

మొన్న నెలాఖరు రాత్రి కంపెనీ సేల్స్ ఆఫీసరు మెసేజ్ పెట్టాడు: తెల్లారితే రేటు పెరుగుతుంది, పెండింగ్ ఆర్డర్లకూ కొత్త రేటే. ఆ ఆర్డర్లకు నేను డబ్బు ముందే కట్టేశాను. ఫోన్ చేస్తే, "డీకంట్రోల్ సరుకండీ, రేటు కంపెనీ ఇష్టం" అన్నాడు. మా కొట్టుకా ఆ పాఠం! రేటూ పంపకమూ ప్రభుత్వం చేతిలోనే ఉన్న కంట్రోలు రోజుల్లో మన పల్నాడు రాయితో చేసిన సిమెంటుకే మనం పర్మిట్ అడుక్కోవాల్సి వచ్చేది. నాన్నగారు కాగితం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేవారు. అది దొరకనివాళ్లు బ్లాకులో కొనేవారు. ఆ సిమెంటు కోటాల గొడవలోనే 1982లో మహారాష్ట్ర ముఖ్యమంత్రి అంతులే పదవి పోయింది. అదే ఏడు కంట్రోలు కొంత సడలించారు, 1989 మార్చిలో పూర్తిగా ఎత్తేశారు. మంచి పని చేశారు, ఆ రోజులు మళ్లీ రావాలని నేను కోరను. అయితే డబ్బు పుచ్చుకున్నాక రేటు మార్చమని ఏ డీకంట్రోలూ చెప్పలేదు.

పాత బుకింగ్‌లన్నీ పాత రేటుకే దించాను. తేడా నేనే కట్టాను. సగం పంచుకుందామన్న మేస్త్రీగారికి దండం పెడతాను గానీ ఆ డబ్బు తీసుకోను.

పోనీ ముందే కొని నిల్వ పెడదామా అని రాత్రుళ్లు నిద్ర మానుకుని ఆలోచించాను. మూడు నెలలు దాటితే సిమెంటు బలం తగ్గుతుంది, వానాకాలం చెమ్మకు ఇంకా ముందే గడ్డకడుతుంది. అలాంటి సరుకు మీ స్లాబులో పోయించలేను. బుకింగ్ తీసుకుని ఇల్లు సగంలో ఉండగా చేతులెత్తేయడం అసలే చేతకాదు.

ఇకమీదట ఏ రోజు రేటు ఆ రోజే. స్లాబు లోడుకు మాత్రం, గోడౌన్‌లో సరుకు ఉన్నంతవరకు, చెప్పిన రేటు వారం దాకా మారదు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, ఆ తగ్గింపు మీ బిల్లులో పూర్తిగా ఉంటుంది. ఆ కంపెనీ బస్తాలు ఉన్నవరకే అమ్ముతాను. ఆ తర్వాత ఎంత స్కీము ఇస్తామన్నా వాళ్ల బోర్డు మా కొట్టు మీద ఉండదు.